బసిలికా: కోర్టు హాలు పేరు చర్చికి ఎలా వచ్చింది?

ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం.

సికింద్రాబాద్‌లో సరోజినీదేవి రోడ్డు మీద తిరిగేవాళ్లకి సెయింట్ మేరీస్ చర్చి తెలిసే ఉంటుంది. 1840లో మొదలుపెట్టి, పదేళ్లు కట్టిన చర్చి అది. మా చిన్నప్పుడు అందరం మేరీమాత చర్చి అనేవాళ్లం. 2008 నుంచి దాని పేరులో ఒక కొత్త మాట చేరింది: బసిలికా. గోడ మారలేదు, గంట మారలేదు, పేరు మారింది. చాలామంది అడిగే ప్రశ్న ఏంటంటే, బసిలికా అంటే పెద్ద చర్చి అనా? మరి మెదక్ చర్చి దీనికన్నా ఎంతో పెద్దది కదా, దాన్ని బసిలికా అనరెందుకు?

ముందు ఈ రెండో ప్రశ్న తేల్చేద్దాం, ఇది చిన్నది. మెదక్‌ది కెథడ్రల్. గ్రీకులో కథెడ్రా అంటే కుర్చీ. బిషప్పు గారి కుర్చీ ఎక్కడుంటే అది కెథడ్రల్. మనవాళ్లు పీఠం అంటారు చూడండి, అదే. తెలుగు కథోలికులు బిషప్పు గారి పరిధిని 'మేత్రాసనం' అంటారు, అందులోనూ ఆసనం ఉంది. హైదరాబాద్ ఆర్చిబిషప్పు గారి పీఠం గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్‌లో ఉంది కాబట్టి అది కెథడ్రల్. దీనికీ కట్టడం సైజుకీ సంబంధం లేదు.

ఇక బసిలికా. ఇది కుర్చీ పేరు కాదు, కట్టడం పేరు. పైగా మొదట్లో దీనికి దేవుడితో ఏ సంబంధమూ లేదు.

గ్రీకులో బసిలెయుస్ అంటే రాజు. బసిలికే అంటే రాజుది, రాజుకి చెందినది. పిజ్జా మీద వేసే బేసిల్ ఆకు ఉందే, మన తులసికి చుట్టం, దాని పేరు కూడా ఇక్కణ్ణుంచే వచ్చింది. రాచ మొక్క అన్నమాట. అందుకే బసిలికా అర్థం ఏంటని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటుంది: రాజు ఇల్లు అని అర్థం, దేవుడు రాజులకి రాజు కాబట్టి ఆయన ఇంటికి ఆ పేరు పెట్టారు అని. వినడానికి బాగుంటుంది. ఇది కొత్తగా పుట్టిన వివరణ కూడా కాదు. స్పెయిన్‌లో సెవిల్ నగరపు బిషప్పు ఇసిడోర్ అని ఒకాయన ఉండేవాడు, 636లో చనిపోయాడు. మాటల పుట్టుకల మీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో ఆయన చెప్పింది దాదాపు ఇదే.

కానీ ఈ వివరణ మాట పుట్టిన ఎనిమిది వందల ఏళ్ల తర్వాతది. ఈ మధ్యలో ఏం జరిగిందన్నదే అసలు కథ.

రోము నగరంలో మొట్టమొదటి బసిలికా అని మనకి తెలిసింది క్రీ.పూ. 184లో కట్టింది. కట్టించినవాడు కాటో, పెద్ద కాటో అంటారు. ఆయన ఇంటిపేరు పోర్కియస్ కాబట్టి దాన్ని బసిలికా పోర్కియా అన్నారు. ఇందులో తమాషా ఏంటంటే, కాటోకి గ్రీకు పోకడలంటే గిట్టదు. మన కుర్రాళ్లు గ్రీకు చదువులు చదివి పాడైపోతున్నారని జీవితమంతా గొణిగిన మనిషి. ఆయన కట్టించిన కట్టడానికే గ్రీకు పేరు!

అందులో ఏం జరిగేది? వ్యాపారం, లావాదేవీలు, తగవులు. ఫోరం అంటే ఊరి నడిబొడ్డున ఉన్న మైదానం. వానొస్తే, ఎండ మండితే అక్కడి పనులన్నీ ఆగిపోతాయి. దాని పక్కనే కప్పు వేసిన పొడుగాటి హాలు ఒకటి కడితే అందరూ లోపలికి వచ్చి పని చూసుకుంటారు. అంతే. మన లెక్కలో చెప్పాలంటే రచ్చబండ, సంత, మున్సిఫ్ కోర్టు, మూడూ ఒకే కప్పు కింద ఉన్నట్టు. ప్లూటార్క్ ఒక ముచ్చట రాశాడు. సామాన్య జనం తరఫు ప్రతినిధులు, ట్రిబ్యూన్‌లు అంటారు, వాళ్లు ఈ బసిలికా పోర్కియాలోనే కూర్చునేవారట. వాళ్ల కుర్చీలకి ఒక స్తంభం అడ్డొస్తోందని దాన్ని తీసేద్దామనుకున్నారు. అప్పుడు పెద్ద కాటో మునిమనవడు, చిన్న కాటో, కుర్రవాడు, లేచి మా ముత్తాత కట్టించిన స్తంభం తీయడానికి వీల్లేదని మాట్లాడి ఆపేశాడు. జనం ముందు ఆయన మొదటి ప్రసంగం అదేనట. స్తంభం దక్కింది గానీ హాలు దక్కలేదు. క్రీ.పూ. 52లో క్లోడియస్ అనే నాయకుణ్ణి చంపితే, అతని మనుషులు శవాన్ని తెచ్చి సెనేటు భవనంలోనే చితి పేర్చారు. ఆ మంటలు పక్కకి పాకి బసిలికా పోర్కియా కూడా కాలిపోయింది.

తర్వాత జూలియస్ సీజర్ మొదలుపెట్టి అగస్టస్ పూర్తి చేసిన బసిలికా జూలియా ఇంకా పెద్దది. వారసత్వపు ఆస్తి తగవులు అక్కడే తేల్చేవాళ్లు. ఒకే హాల్లో నాలుగు కోర్టులు ఒకేసారి నడిచేవి. గట్టి గొంతున్న వకీలు ఒకడు వాదిస్తుంటే మిగతా మూడు కోర్టుల్లోని జనం కూడా చప్పట్లు కొట్టారని క్వింటిలియన్ రాశాడు. ఆ బసిలికా మెట్ల మీద ఇప్పటికీ ఆటల గళ్లు గీసి ఉన్నాయి. మన పాత మండపాల అరుగుల మీద పులి-మేక గీతలు కనిపిస్తాయి చూడండి, అలాగే. వాయిదా కోసం ఎదురుచూసేవాడికి అక్కడైనా ఇక్కడైనా చేసే పని ఇంకేముంటుంది!

పాంపే నగరం 79లో బూడిద కింద పూడిపోయింది కదా, అక్కడి బసిలికా గోడ మీద ఒకాయన తన పేరు గీకి, నేను ఇక్కడికి వచ్చానని రాసుకున్నాడు. తారీకు కూడా వేశాడు. లెక్క కడితే అది క్రీ.పూ. 78, అక్టోబర్ 3. గోల్కొండ గోడల మీద పేర్లు చెక్కేవాళ్లకి రెండు వేల ఏళ్ల నాటి పెద్దన్న.

నేను ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, బసిలికా అనగానే మనకి కొవ్వొత్తులు, సాంబ్రాణి, నిశ్శబ్దం గుర్తుకొస్తాయి. ఆనాటి రోమనుకి గుర్తొచ్చేది గోల. బేరాలు, వకీళ్ల అరుపులు, మెట్ల మీద జూదం.

ఇప్పుడు ఆకారం చూద్దాం, ఎందుకంటే కథ మలుపు తిరిగేది ఇక్కడే. మధ్యలో పొడుగ్గా, ఎత్తుగా ఒక పెద్ద నడవ. దానికి రెండు వైపులా స్తంభాల వరస, వాటి అవతల కొంచెం తక్కువ ఎత్తులో పక్క నడవలు. మధ్య భాగం ఎత్తుగా లేచి ఉంటుంది కాబట్టి పై గోడలో కిటికీలు పెట్టి వెలుతురు దింపుతారు. చాలావాటిలో చివర గోడ తిన్నగా కాకుండా అర్ధచంద్రంలా వంపు తిరిగి ఉంటుంది. న్యాయాధికారి కూర్చునేది అక్కడ. ఈ వంపు ఎలా ఉంటుందో తెలియాలంటే పల్నాడు జిల్లా చేజర్ల వెళ్లి కపోతేశ్వరాలయం చూడండి. పాత బౌద్ధ చైత్యం అది, తర్వాత శివాలయమైంది. వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠం అంటారు. ఒకరిని చూసి ఒకరు కట్టారని నేను అనడం లేదు. పదిమంది ఒకచోట చేరి ఒకవైపు చూడాలంటే ఎవరికైనా తట్టే ఆకారం అది.

అదే కాలపు రోమన్ గుడి వేరు. అది దేవుడి ఇల్లు. లోపల విగ్రహం ఉంటుంది. బలిపీఠం బయట, మెట్ల ముందు, ఆరుబయట ఉంటుంది. జనం నిలబడేది కూడా బయటే. లోపల చోటు దేవుడికి, పూజారికి. ఈ ఏర్పాటు మనకి విడమరచి చెప్పక్కర్లేదు, గర్భగుడి ముందు నిలబడి తొంగి చూసినవాళ్లం.

క్రైస్తవులకి ఈ కట్టడం పనికిరాదు. వాళ్ల ఆరాధనలో విగ్రహం లేదు, జంతుబలి లేదు. ఉన్నవి ఏంటి? చదవడం, వినడం, పాడటం, కలిసి రొట్టె పంచుకోవడం. వీటికి కావలసింది జనం లోపల పట్టే గది. మొదటి మూడు వందల ఏళ్లు వాళ్లు ఇళ్లలోనే కలుసుకున్నారు. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున దురా-యూరోపస్ అనే ఊరి తవ్వకాల్లో అలాంటి ఇల్లు ఒకటి బయటపడింది. 240 ప్రాంతంలో ఎవరో రెండు గదుల మధ్య గోడ పడగొట్టి హాలు చేసుకున్నారు. అరవై డెబ్బై మంది పడతారు. ఇంకో గదిలో బాప్తిస్మం తొట్టి. బయట్నుంచి చూస్తే పక్కిళ్లలాంటి ఇల్లే. కనబడకుండా ఉండటమే అప్పుడు వాళ్లకి రక్ష.

312లో కాన్‌స్టాంటైన్ రోము గెలిచాడు. 313లో క్రైస్తవులు బాహాటంగా ఆరాధన చేసుకోవచ్చని ఒప్పందం అయింది. చక్రవర్తే స్వయంగా చర్చిలు కట్టించడానికి ముందుకొచ్చాడు. ఏ నమూనాలో కట్టాలి? గుళ్ల నమూనా వద్దు. అక్కడ బలి ఇవ్వమంటే ఇవ్వనందుకే కదా వాళ్లలో కొందరి ప్రాణాలు పోయింది. ఇళ్లు సరిపోవు. మేస్త్రీలకి బాగా అలవాటైన, త్వరగా లేచే, ఇటుక గోడల మీద కర్ర కప్పు వేస్తే అయిపోయే, వందలమంది పట్టే కట్టడం ప్రతి ఊళ్లోనూ కళ్ల ముందే ఉంది. బసిలికా.

రోములో లాటరన్ అనే చోట, తన శత్రువు పక్షాన పోరాడిన అశ్వదళం బారకాసులు కూలగొట్టించి, ఆ నేల మీద మొదటి పెద్ద బసిలికా కట్టించాడు కాన్‌స్టాంటైన్. ఇందులో భక్తి ఎంత, కక్ష ఎంత అన్నది మీరే ఆలోచించుకోండి. పోపు గారి కెథడ్రల్ ఈనాటికీ అదే. చాలామంది సెయింట్ పీటర్స్ అనుకుంటారు, కాదు. అక్కడే ఒక చిన్న మార్పు గమనించాలి. రోమన్ బసిలికాలు చాలావాటికి ద్వారాలు పొడుగు వైపు గోడలో ఉండేవి. బజార్లోంచి ఎటునుంచైనా దూరి, ఎటైనా పోవచ్చు. క్రైస్తవులు ద్వారాన్ని పొట్టి వైపుకి మార్చారు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా, హాలంత దూరంలో, ఆ వంపు కనబడుతుంది. న్యాయాధికారి కూర్చున్న చోట ఇప్పుడు బిషప్పు కూర్చున్నాడు, ఆయన ముందు బల్ల వచ్చింది. దారిన పోయేవాళ్లు దూరి వెళ్లే హాలు కాస్తా నడిచి చేరవలసిన చోటు అయింది. నా ఉద్దేశంలో ఆ గది పవిత్రమైంది పేరు వల్ల కాదు, గుమ్మం మారడం వల్ల.

ఈ మాట అర్థం మారుతున్న క్షణం మనకి ఒకచోట దొరుకుతుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి పేరు తెలియని ఒక యాత్రికుడు 333లో జెరూసలేం దాకా వెళ్లి, దారిలో చూసినవి రాసుకున్నాడు. క్రీస్తు సమాధి దగ్గర కాన్‌స్టాంటైన్ కట్టించిన కొత్త కట్టడం గురించి రాస్తూ బసిలికా అన్నాడు. అని ఊరుకోలేదు, వెంటనే దాని అర్థం చెప్పాడు: ప్రభువు మందిరం అని. అంటే ఏంటి? ఉత్త బసిలికా అంటే చదివేవాడు కోర్టు హాలు అనుకుంటాడేమోనని ఆయనకి అనుమానం! ఇరవై ముప్ఫై ఏళ్లు పోతే ఈ వివరణ అక్కర్లేకుండా పోయింది. ఆ యాత్రికుడు వాడిన 'ప్రభువుది' అనే లాటిన్ మాటకి సరిగ్గా గ్రీకు జోడీ కిరియాకోన్. అదే నోళ్లు మారి మారి ఇంగ్లీషు వాళ్ల చర్చ్ అయింది, మన నోట చర్చి అయింది.

ఇంకో మాట కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి, ఎక్లేసియా. ఏథెన్స్‌లో పౌరులందరూ కొండ మీద చేరి ఓట్లు వేసే సభ పేరు అది. క్రైస్తవులు తమ సమాజానికి ఆ పేరు పెట్టుకున్నారు. తెలుగు బైబిల్లో 'సంఘము' అని ఉంటుందే, మూలంలో ఉన్నది ఎక్లేసియానే. చూశారా, మనుషులకి పేరు ఓట్ల సభ నుంచి, కట్టడానికి పేరు కోర్టు హాలు నుంచి. రెండూ ఊరుమ్మడి మాటలే, గుడి మాట ఒక్కటీ లేదు.

అలాగని ఆ కొత్త హాల్లో అందరూ సమానమని కాదు. బాప్తిస్మం కానివాళ్లని ఒక ఘట్టం దాటాక బయటికి పంపేసేవారు. ముందు భాగానికి అడ్డంగా కటకటా కట్టారు. జనం మధ్యలో, మతగురువులు అవతల. గర్భగుడి వద్దనుకున్నవాళ్లకి కూడా గీత గీసుకోకుండా ఉండటం కుదరలేదు.

మన దగ్గర ఇది తిరగబడింది. తెలుగు పల్లెల్లో క్రైస్తవులు ఆదివారం గుడికి వెళ్తున్నాం అంటారు, మందిరం అంటారు, దేవాలయం అంటారు. రోము వాళ్లు ఏ మాటనైతే వదిలించుకోవాలని చూశారో, అదే మాటని వీళ్లు కావాలని తీసుకున్నారు. ఎందుకని? మిషనరీల కాలంలో మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో కట్టిన ప్రార్థన గది చాలాచోట్ల వారమంతా బడి, ఆదివారం గుడి. అదీ ఒక రకంగా బసిలికానే, పది పనులకి ఒకే హాలు. అందులో కూర్చున్నవాళ్లకి ఊళ్లో గుడి లోపలికి ప్రవేశం లేదు. ఆ ప్రవేశం కోసం మద్రాసు రాష్ట్రంలో 1939లో ఒక చట్టం, 1947లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. గుమ్మం బయటే నిలబెట్టినవాళ్లు తమ గదికి గుడి అని పేరు పెట్టుకుంటే, ఆ మాటలో ఉన్న బరువు వేరు. చర్చిల్లో కులం పోయిందా అంటే, పోలేదు. వేరు వరసలు, వేరు శ్మశానాలు ఉన్నాయని అందరికీ తెలిసిందే. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడే విషయం.

సరే, సికింద్రాబాద్‌కి తిరిగొద్దాం. 2008లో అక్కడ మారింది ఆకారం కాదన్నాను కదా. కాలక్రమంలో బసిలికా అనేది ఒక బిరుదు అయింది. పోపు గారు ఇచ్చేది. రోములోని నాలుగు ప్రధాన బసిలికాలు, లాటరన్, సెయింట్ పీటర్స్, గోడల వెలుపలి సెయింట్ పాల్స్, సాంతా మరియా మజ్జోరే, వీటిని మేజర్ అంటారు. మిగతావన్నీ మైనర్. 1783లో ఇటలీలోని టొలెంటినో ఊరి చర్చికి ఇలా ఇచ్చారు, మైనర్ బసిలికాల్లో దాన్నే మొదటిదిగా చెబుతారు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి వెయ్యి దాటాయి. గోవాలో ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉన్న బోమ్ జెసూకి 1946లో, మద్రాసు శాంథోమ్‌కి 1956లో, మనవాళ్లు రైళ్లెక్కి మరీ వెళ్లే వేళాంగణికి 1962లో ఈ బిరుదు వచ్చింది. కట్టడం గుండ్రంగా ఉన్నా సరే బిరుదు ఇవ్వొచ్చు. మరోపక్క ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు బిరుదుతో పని లేకుండా, మధ్య నడవ ఎత్తుగా, పక్క నడవలు తగ్గుగా ఉన్న చర్చి ఏదైనా బసిలికా నమూనా అంటారు. అందుకే ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఎవరు ఏ బసిలికా గురించి అంటున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇంకొక్కటి చెప్పాలి. జర్మనీలో ట్రియర్ అనే ఊళ్లో కాన్‌స్టాంటైన్ సింహాసనం వేసుకుని కూర్చున్న హాలు ఇప్పటికీ నిలబడి ఉంది. 67 మీటర్ల పొడుగు, 33 మీటర్ల ఎత్తు, లోపల ఒక్క స్తంభం లేదు. నిజంగా రాజు కూర్చున్న బసిలికా అంటే ఇది. 1856 నుంచి అది ప్రొటెస్టెంట్ చర్చి. పోపు గారి బిరుదు దానికి లేదు, వాళ్లు అడగరు కూడా. ఊళ్లో అందరూ దాన్ని బసిలికా అనే పిలుస్తారు.

బిరుదు పొందిన చర్చికి కొన్ని గుర్తులు ఉంటాయి. అడ్డంగా వేసిన రెండు తాళపుచెవులు, అది పోపు గారి ముద్ర. కర్రకి కట్టిన ఒక చిన్న గంట. ఇంకోటి గొడుగు. ఎరుపు, పసుపు చారల పట్టు గొడుగు, సగమే తెరిచి ఉంచుతారు. పోపు గారు ఎప్పుడైనా వస్తే పట్టడానికి సిద్ధంగా ఉందని దాని అర్థం. పాత రోజుల్లో ఊరేగింపులో గంట ముందు నడిచేది, వస్తున్నారు తప్పుకోండని. రాజుకి ఛత్రం పట్టడం, ముందు గంట మోగించడం మనకి ఎవరైనా కొత్తగా నేర్పాలా? బసిలికా అనే మాటలో రాజు కనబడకుండా పోయి చాలాకాలమైంది గానీ, గొడుగు మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఈసారి గోవాకో వేళాంగణికో వెళ్లినప్పుడు బలిపీఠం చుట్టుపక్కల ఒకసారి వెతకండి.